అరుదు అంటే ఎవరికి?

మొన్న ఆపరేషనుకు ముందు మత్తు ఇవ్వబోతూ ఒక తెలుగు పెద్దావిడను, "అమ్మా, మీరు వైశ్యులా?" అని అడిగాను. అంతసేపూ ఆప్యాయంగా మాట్లాడిన ఆవిడ ముఖం చిన్నబోయింది. "ఇంత దూరం వచ్చినా కులమేనా, నాయనా?" అన్నది.

ఎందుకు అడిగానో అప్పుడు చెప్పాను. గొంతులో శ్వాసగొట్టం వేసేటప్పుడు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు వాడుతుంటాము. రక్తంలోని ఒక ఎంజైము దానిని కొద్ది నిమిషాలలో విరిచేస్తుంది. ఆ ఎంజైము పుట్టుకతో లోపించినవారికి గంటల తరబడి కండరాలు కదలవు, ఊపిరి ఆడదు. యంత్రంతో ఊపిరి అందిస్తూ, మత్తు తగ్గకుండా చూసుకుంటే గండం గడుస్తుంది. ముందే తెలిస్తే వేరే మందు వాడవచ్చు. మామూలు రోజుల్లో ఆ లోపం ఉన్నట్టే తెలియదు.

అమెరికాలో 1983 నాటి చట్టం 2 లక్షల మందికన్న తక్కువ మందికి ఉన్న జబ్బును అరుదైనదిగా లెక్కిస్తుంది. అది దేశం మొత్తానికి వేసిన లెక్క. కాని ఈ ఎంజైము లోపం ఇతరులలోకన్న వైశ్యులలో సుమారు 100 రెట్లు ఎక్కువని 2017లో వెలువడిన ఒక జన్యు పరిశోధన పేర్కొన్నది. అది ఎవరి రక్తానికీ అంటిన మైల కాదు. కొద్దిమంది పూర్వీకుల సంతతి తరతరాలుగా తమలో తామే వివాహాలు చేసుకోవడం దానికి కారణం. ఆ పరిశోధన చూసిన 263 దక్షిణాసియా సమూహాలలో 81 సమూహాలకు ఇటువంటి చరిత్ర బలంగానే ఉన్నది. ఇవాళ ఆవిడను అడిగిన ప్రశ్న రేపు మనలో ఎవరినైనా అడగవలసి రావచ్చు.

అయితే నేను చేసింది ఒప్పేనా? కులం అడగడం అమర్యాద అని ఊరుకుంటే, నా మర్యాదకు మూల్యం చెల్లించేది రోగి. కారణం చెప్పకుండా అడిగితే, ఆ ప్రశ్నతో తరాలుగా అవమానపడినవారిని మళ్ళీ గాయపరచినట్టే. పైగా కులం పేరు రోగనిర్ణయం కాదు. ఆ లోపాన్ని తేల్చవలసింది రక్తపరీక్ష.

నా మాటలు విన్న ఆవిడ కాసేపు ఆలోచించి, "మా తమ్ముడికి అపెండిసైటిస్ ఆపరేషనయ్యాక సాయంత్రందాకా ఊపిరి అందలేదట" అన్నది. నాకు సిగ్గు వేసింది. నేను మొదట అడగవలసిన ప్రశ్న అదే. ఏ కులంవారినైనా అడగదగినదీ అదే. ఆవిడకు ఆ మందు వాడలేదు.

ఈ ఆదివారం ఇంటికి ఫోను చేసినప్పుడు, మీ బంధువులలో ఎవరికైనా మత్తు ఇచ్చాక ఇటువంటి ఇబ్బంది కలిగిందేమో అమ్మానాన్నలను అడగండి. ఏమైనా తెలిస్తే రాసిపెట్టుకుని మీ డాక్టరుకు చెప్పండి.