మౌనంలో వినిపించేది



సత్ప్రసాదం స్వీకరించాక కాసేపు మౌనంగా ఉండమంటే మన గుళ్లలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. అర నిమిషం గడవకముందే ఎవరో పాట ఎత్తుకుంటారు, మైకు గరగరలాడుతుంది. పూజలో తగిన సమయాల్లో పవిత్ర మౌనం పాటించాలని రెండవ వాటికన్ మహాసభ 1963లోనే చెప్పింది.

17వ శతాబ్దంలో ఇంగ్లండులో జార్జ్ ఫాక్స్ బోధతో మొదలైన క్వేకర్ల పాత పద్ధతిలో ఆ మౌనమే ఆరాధన. పీఠం లేదు, గురువు లేడు, పాట లేదు. దేవుడు పలికిస్తున్నాడని తోచినవారు లేచి నాలుగు మాటలు చెప్పి కూర్చుంటారు. దివ్యసంస్కారాలు లేని ఆరాధన మనకు చాలదు. కానీ ఆ మౌనం ఎక్కడికి దారితీసిందో చూడండి. అమెరికాలో వారిలోనూ బానిసలను ఉంచుకున్నవారు ఉండేవారు. ఆ మౌనంలో పెరిగిన జాన్ వుల్మన్ అటువంటివారి ఇళ్లకు వెళ్లి, ఇది న్యాయమేనా అని ఏళ్ల తరబడి అడిగాడు. 1776లో ఫిలడెల్ఫియా క్వేకర్ల సభ తమవారెవరూ బానిసలను ఉంచుకోరాదని తీర్మానించింది. తరువాతి శతాబ్దంలో కొందరు, బానిసలు పండించిన పత్తితో నేసిన బట్ట కట్టం అన్నారు.

పత్తి మనకు పరాయిది కాదు. గుంటూరు, ప్రకాశం చేలల్లో పత్తి తీతకూ మిరప కోతకూ బడి మాని వచ్చే పిల్లలు ఇప్పటికీ కనిపిస్తారు. ‘ఏం చేస్తాం ఫాదర్, కూలీలు దొరకటం లేదు’ అంటారు రైతులు. వారి అప్పుల బాధా నిజమే. అయినా ఆ పిల్లల విషయంలో మనం పాటించే మౌనం ప్రార్థన కాదు, తప్పించుకోవటం. రెండు మౌనాలూ పైకి ఒకేలా ఉంటాయి, అదే చిక్కు. ఈ ఆదివారం సత్ప్రసాదం తర్వాత కళ్లు మూసుకున్నప్పుడు మీ చేలో కాయ కోసిన చిన్నవాడు గుర్తుకొస్తే, పరాకు అనుకుని తోసేయకండి.