కాగితం చెప్పాక నమ్మాం

మా వదినను "ఒళ్ళు వంగని మనిషి" అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ సంగతి ముందే చెప్పుకోవాలి. లేకపోతే ఇదంతా డాక్టర్ల మీద ఫిర్యాదులా కనిపిస్తుంది.

1998లో లక్సెట్టిపేటలో ఇంట్లోనే కాన్పయింది. నెత్తురు ఆగలేదు. జీపులో మంచిర్యాల తీసుకుపోయి రక్తం ఎక్కిస్తే బతికింది. పాలు పడలేదు, ముట్టు మళ్ళీ రాలేదు. రోజుకు వెయ్యి బీడీలు చేసిన చెయ్యి నాలుగు వందల దగ్గరే ఆగిపోయేది. "నాకు సాతనైతలేదు" అనేది. ఎండాకాలంలో చలంటూ చెద్దరు కప్పుకుంటే నటన అనుకున్నాం.

2019లో ఒకచోట థైరాయిడ్ పరీక్ష చేశారు. టి4 తక్కువుందని రోజుకు 100 మైక్రోగ్రాముల మాత్ర రాశారు. లేచి తిరుగుతుందనుకుంటే పది రోజుల్లో వాంతులు, నిలబడితే కళ్ళు తిరగడం. "ఈ గోలి నాకు పడతలేదు" అంది. ఎదురుగా నిలబడి మింగించింది నేనే.

తెల్లారకముందే బయల్దేరి, రాయపట్నం వంతెన మీద గోదావరి దాటి కరీంనగర్ పోయాం. అక్కడి డాక్టరమ్మ రిపోర్టులు పక్కన పెట్టి, "కాన్పయినంక పాలు పడ్డాయా?" అని అడిగింది. ఇరవై ఒక్క ఏళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమే. కార్టిసాల్ పొద్దున్నే ఎక్కువుంటుంది, అర్ధరాత్రికి అడుగంటుంది. మేం చేరింది ఎనిమిదికే కావడం మంచిదయింది. రక్తం తీసి, ఫలితం కోసం ఆగకుండా హైడ్రోకార్టిసోన్ మొదలుపెట్టింది. థైరాయిడ్ మాత్ర ఆపింది.

కార్టిసాల్ 2.1 వచ్చింది. పొద్దున తీసిన రక్తంలో 3 కంటే తక్కువుంటే లోపం దాదాపు ఖాయమట. కాన్పులో నెత్తురు ఎక్కువగా పోయి మెదడు కింది పిట్యూటరీ గ్రంథి చచ్చిపోవడాన్ని హెరాల్డ్ షీహన్ అనే ఇంగ్లండు వైద్యుడు 1937లోనే వివరించాడు. థైరాయిడ్ మందు ఒంట్లో ఉన్న కాస్త కార్టిసాల్‌నీ త్వరగా ఖర్చు చేసేస్తుంది. అందుకే ముందు కార్టిసాల్ లోటు పూడ్చాలి, తర్వాతే థైరాయిడ్. వట్టి టీఎస్‌హెచ్ చూస్తే ఈ జబ్బు తప్పిపోవచ్చు. పిట్యూటరీయే పోతే దాన్ని పుట్టించేదెవరు?

రిపోర్టు చూసి ఇంట్లో అందరం నొచ్చుకున్నాం. అన్నయ్య ఏడ్చాడు. నాకు మాత్రం ఒక ప్రశ్న మిగిలింది. 2.1 కాకుండా 15 వచ్చి ఉంటే? ఆమె అలసట అంతే ఉండేది కదా, మేమేం చేసేవాళ్ళం? మేం నమ్మింది వదిననా, కాగితాన్నా? వాడకట్టులో చాటల ముందు కూర్చున్న ఎందరి నడుము నొప్పికి ఏ పరీక్షలోనూ అంకె రాదు. వాళ్ళ మాటకు విలువ ఎవరు కట్టాలి?

థైరాయిడ్ మాత్రను మళ్ళీ 25తో మొదలుపెట్టి, టి4 చూస్తూ మెల్లగా పెంచారు. కార్టిసాల్ కూడా నెలనెలా చూపిద్దామా అని అడిగాను. నాకు అంకెల మీద అంత గురి కుదిరింది మరి. డాక్టరమ్మ వద్దంది. మింగిన మాత్రే రక్తంలో కనిపిస్తుంది, దానితో మోతాదు తేలదు. బరువు, బీపీ తను చూస్తుంది. "ఎట్లున్నదో మీ వదిననే చెప్పాలె" అంది. జ్వరమొస్తే మాత్ర రెండింతలు వేసుకోవాలి, ఎవర్నీ అడగకుండా.

మొన్న వానల్లో ఒక రాత్రి వదిన లేచి, "జెరమొచ్చినట్టుంది, రెండు మింగుత" అంది.

నేను థర్మామీటర్ కోసం వెతుకుతున్నాను. ఆమె నా వైపు చూసి, నీళ్ళ చెంబు అందుకుంది.