మెట్లకు ఆసరా కట్టమన్న బుద్ధుడు



వినయ పిటకం చుల్లవగ్గలో చిన్న సంగతి ఉంది. విహారం మెట్లెక్కుతూ భిక్షువులు పడిపోతుంటే, పట్టుకోడానికి పక్కన ఆసరా కట్టమన్నాడు బుద్ధుడు. మరుగుదొడ్డిలో లేవబోయి పడిపోయిన ముసలి భిక్షువు కోసం తాడు వేలాడదీయమన్నాడు. "చూసుకుని నడవండి" అని ఊరుకోలేదు. లోపం కట్టడంలోనే వెతికాడు. ఆ ఆసరా పడ్డవాడికే కాదు, ఎక్కే ప్రతివాడికీ పనికొచ్చింది. ఇవాళ సార్వత్రిక డిజైన్ అంటున్నది ఇదే.

తెనాల్లో గానీ, రేపల్లె, బాపట్లల్లో గానీ ఆఫీసు మేడమీద ఉందనుకోండి. కాలు లేని మనిషి ఉద్యోగానికి పనికిరాడని ఎవరూ నోటితో అనక్కర్లేదు, మెట్లే చెప్తాయి. "ఇద్దరం పట్టుకుని ఎక్కిస్తాంలే" అనేవాళ్లు మంచోళ్లే. కానీ రోజూ ఇంకొకరి చేతులమీద పైకొచ్చే మనిషి జీతం పెంచమని గట్టిగా ఎట్టా అడుగుతాడు? పైనుంచి దోసిట్లో పోసిన నీళ్లు తాగిన మన పెద్దలకు ఆ దయ ఎంత బరువో తెలుసు. 1927 మార్చి 20న మహాడ్ చెరువు దగ్గర బాబాసాహెబ్ ఎవర్నీ పోయమనలేదు. తానే దిగి తాగారు.

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. (దివ్యాంగులని పేరు పెట్టినంత తేలిగ్గా ర్యాంపులు పెట్టలేదు లెండి.) కుర్చీ దాకా వెళ్లే దారి లేకపోతే ఆ శాతం కాగితంమీదే.

ఒకటి దాచకూడదు. అదే వినయంలో కుంటివారికి, గుడ్డివారికి ప్రవ్రజ్య ఇవ్వొద్దనే నియమమూ ఉంది. గ్రంథంలో ఉంది గదా అని మోస్తే మనువును కాదన్న మనకు అర్థమేముంది? నేనైతే ఆసరా కట్టమన్న మాట ఉంచుకుని ఆ నియమం వదిలేస్తాను.

మరి మనం చందాలేసి కట్టుకుంటున్న బుద్ధ విహారాల ప్లానులో ర్యాంపు గీయించామా?