పచ్చదనం ఎవరిది?

విశాఖ రుషికొండలో సముద్రం వైపు ఫ్లాట్ కొన్న దంపతులు షేడ్ కార్డు ముందేసుకుని కూర్చున్నారనుకుందాం. తెలుపూ లేత నీలమూ దాటి వేలు ముదురు పచ్చ మీద ఆగింది. నాచుకీ మట్టికీ మధ్య రంగు. ‘ఇంట్లోనే కొండ ఉన్నట్టుంటుంది’ అని ఆవిడ. ‘రంగు పూస్తే గోడ కొండవుతుందా?’ అని ఆయన. ఇది పెయింటర్ తేల్చే ప్రశ్న కాదు. తార్కికులది.

పదిహేడో శతాబ్దపు ఆంధ్రుడు అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో రంగులు ఏడన్నాడు: తెలుపు, నీలం, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, కపిశం, చిత్రవర్ణం. ఏడూ ఉండేది ఒక్క పృథివిలోనే, అంటే మట్టిలోనే. నీటికి మెరవని తెలుపు, తేజస్సుకి, అంటే నిప్పుకీ వెలుగుకీ, మెరిసే తెలుపు, అంతే. అంటే పచ్చ ఎక్కడ కనిపించినా దాని చిరునామా మట్టే. మరి ఈ తీరాన పచ్చగా కనిపించే నీళ్లో? విశ్వనాథుడి ‘న్యాయసిద్ధాంత ముక్తావళి’ యమున నలుపు గురించి ఇదే అడిగింది. ఆ రంగు నీటిది కాదు, నీరున్న చోటు (ఆశ్రయం) వల్ల తోచేది. అనుమానముంటే ఆ నీటిని గాల్లోకి చిమ్మి చూడమంది, తెల్లగా ఉంటుంది. రుషికొండలో ఆ పరీక్షను అలలే రోజంతా చేసి చూపిస్తాయి. నురుగు తెలుపుకి నేటి భౌతికశాస్త్రం చెప్పే కారణం వేరనుకోండి. అయినా చిమ్మి చూద్దామన్న ఆలోచన మెచ్చుకోదగ్గదే.

ఈ లెక్కన గోడ పచ్చబడదు. పచ్చ పూతది, గోడ దాన్ని కప్పుకుంటుంది. ఇందులో మోసం లేదు. హాల్లో గోడను చూసి అడవి అనుకునేవారుండరు.

కొండ సంగతి వేరు. 2021లో రుషికొండ మీది పాత హరిత రిసార్ట్‌ను తొలగించి, కొత్త భవనాల కోసం తవ్వకం మొదలుపెట్టారు. చెట్లు పోయి ఎర్రటి వాలు బయటపడింది. వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు (ఎన్జీటీ), కోర్టులకు ఎక్కింది. తర్వాత ఆ వాలు మీద పచ్చటి మ్యాట్ పరిచారు. మట్టి జారకుండా మ్యాట్ వేయడం ఇంజినీర్లకు మామూలే, దాని సందుల్లోంచి గడ్డి మొలిస్తే ఇంకా మంచిది. కానీ మట్టిని ఆపడానికి రంగుతో పనిలేదు. ఆ పచ్చ బీచ్ రోడ్డు మీంచి చూసేవాళ్ల కోసమేననిపిస్తుంది.

అసలు మట్టిపచ్చ అనేది ఒకటుంది. అజంతా చిత్రాల్లోది అదే, దక్కన్ లావా రాళ్లలో దొరికే సెలడొనైట్ లాంటి ఖనిజం. దానికి ఆ రంగునిచ్చేది ఇనుము. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలను ఎర్రగా చేసిందీ ఇనుమే. పచ్చమట్టిని బాగా కాలిస్తే ఎర్రటి గోధుమరంగుకి తిరుగుతుంది. షాపు డబ్బాలోని పచ్చ ఎక్కువగా ఫ్యాక్టరీలో చేసిన వర్ణకం.

పచ్చమట్టి కాలి ఎర్రబడిందంటే అన్నంభట్టు ఆశ్చర్యపోడు. పృథివి రంగు పాకజమనీ, అంటే వేడికి మారేదనీ, అనిత్యమనీ ఆయన రాశాడు. పచ్చికుండ ఆవంలో ఎర్రబడటం ఇందుకు పాత ఉదాహరణ. గొడవంతా ఆ తర్వాతే. కుండ పరమాణువులుగా విడిపోయి, అవి రంగు మార్చుకుని, కొత్త కుండగా కూడుకుంటాయని తార్కికుల్లో ఒక పక్షమైన వైశేషికులంటారు. కాదు, పెట్టిన కుండనే తీశామని రెండో పక్షం, నైయాయికులంటారు. కొండ దగ్గర మాత్రం ఇద్దరూ ఒకే మాట అనాలి: అవయవాలు తీసేస్తే వాటితో ఏర్పడ్డ పాత వస్తువు (అవయవి) పోయి, మిగిలినదానితో వేరొకటి పుడుతుంది, దాని మీద ఏ పచ్చ పరిచినా సరే.