నలుగురం ఒకచోట కూర్చుంటే

"మీవాళ్ళు ఎప్పుడూ మీలో మీరే ఉంటారేం? అందరితో కలవరేం?" మా పిల్లలు కాలేజీ గడప తొక్కిన మొదటి నెలలోనే ఈ ప్రశ్న వింటారు. అడిగేవాళ్ళందరూ దురుద్దేశంతో అడగరు. కొందరు నిజంగా స్నేహంతోనే అడుగుతారు. కాబట్టి కోపం తెచ్చుకోకుండా నిదానంగా జవాబు చెప్పుకోవాలి. మైనారిటీ విద్యార్థులు నలుగురు ఒకచోట చేరితే అది వేరుపడటమా? ఊపిరి పీల్చుకోవటానికి చోటు వెతుక్కోవటమా? ఆ చోటు ఇవ్వాల్సిన బాధ్యత కాలేజీకి ఉందా? ఉంటే, ఆ చోటులో కూర్చున్నవాళ్ళకు ఏ బాధ్యతా లేదా?

ముందు ఆ 'అందరూ' అంటే ఎవరో చూద్దాం. పొద్దున్నే హనుమాన్ జంక్షన్ నుంచి నూజివీడుకీ, గుడివాడకీ, ఏలూరుకీ, గన్నవరం మీదుగా బెజవాడకీ పోయే బస్సుల్లో మా పిల్లలూ ఉంటారు. అదే పాసు, అదే తోపులాట. ఏ ఊరని ఎవరైనా అడిగితే ఆంజనేయుడి పేరుతోనే ఊరి పేరు చెబుతారు. నాలుక తడబడదు. ఆ పేరు వాళ్ళకు పరాయిదని వాళ్ళకెప్పుడూ తోచలేదు. ఇంట్లో అమ్మీతో ఉర్దూ, బస్సెక్కితే కృష్ణా జిల్లా తెలుగు. కలవటమంటే ఇదే అయితే మేం కలిసి తరాలు గడిచాయి.

కాని రంజాన్ నెలలో హాస్టల్ సంగతి చూడండి. ఫజర్ అజాన్‌కు ముందే సహరీ ముగించాలి. మెస్సు తెరిచేది తెల్లారిన తర్వాత. రాత్రి దాచుకున్న అన్నంలో మజ్జిగ పోసుకునో, నాలుగు అరటిపళ్ళు తినో రోజా ఉంటారు. మగ్రిబ్ వేళకు స్టడీ అవర్. జుమా నమాజు వేళకు ల్యాబు. మెస్సులో కోడికూర వండిన రోజు, అది హలాల్ కాదని పట్టింపున్న మావాడికి చారూ మజ్జిగే. టైంటేబుల్ వేసినవాళ్ళకు మామీద పగేమీ లేదు. మేం వాళ్ళకు గుర్తుకు రాలేదు, అంతే. అసలు విషయమంతా ఆ గుర్తుకు రాకపోవటంలోనే ఉంది. మెజారిటీ అంటే జనాభా లెక్క ఒక్కటే కాదు. మన వంటా, మన వేళా, మన వారమూ ఎవరూ అడక్కుండానే లెక్కలోకి వచ్చేసి ఉండే సుఖం అది. ఆ సుఖంలో ఉన్నవాళ్ళకు అది సుఖమని తెలియదు. మామూలనుకుంటారు.

ఈ మామూలుతనాన్ని మాకు చాలా ముందుగా, చాలా దూరంలో ఎదుర్కొన్నవాళ్ళు యూదు విద్యార్థులు. 1922లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం అధ్యక్షుడు లోవెల్, యూదు విద్యార్థుల సంఖ్యకు 15 శాతం దగ్గర హద్దు పెట్టాలని ప్రతిపాదించాడు. అప్పటికి కొత్తగా చేరేవారిలో వాళ్ళు ఐదో వంతు దాకా ఉన్నారు. ఆయన చూపిన కారణం మనకు బాగా విన్నట్టే ఉంటుంది: వాళ్ళు ఎక్కువైతే వాళ్ళమీద ద్వేషం ఎక్కువవుతుందట! అంటే ద్వేషించేవాడి రోగానికి ద్వేషింపబడేవాడికి పథ్యం. బాహాటంగా కోటా పెట్టటం కుదరలేదు. దరఖాస్తులో ఫోటో అడిగి, 'వ్యక్తిత్వం' చూస్తామని, ఏ ప్రాంతం నుంచి వచ్చారో చూస్తామని చెప్పి ఆ పనే చేశారు. అమెరికాలోని మరికొన్ని పెద్ద విద్యాసంస్థలూ అదే దారి పట్టాయి.

ఆ మరుసటి ఏడు, 1923లో, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో బెంజమిన్ ఫ్రాంకెల్ అనే యువ రబ్బీ యూదు విద్యార్థుల కోసం ఒక కేంద్రం మొదలుపెట్టాడు. ప్రాచీన గురువు హిల్లెల్ పేరే దానికి పెట్టారు. శుక్రవారం పొద్దు గుంకటంతో యూదుల సబ్బాతు మొదలవుతుంది, శనివారం చీకటి పడేదాకా ఉంటుంది. నిష్ఠగా పాటించేవాడు ఆ రోజు కలం పట్టడు. శనివారం పరీక్ష పెడితే అతను పరీక్షకో, తన ధర్మానికో ఏదో ఒకదానికి ఎగనామం పెట్టాలి. పంది మాంసం తినరు. జంతువును కోయటానికి ఒక పద్ధతి ఉంది. మా హలాల్‌కు వాళ్ళ కోషర్ దగ్గర చుట్టమే. ఇంటికి దూరంగా ఉన్న పిల్లలు శుక్రవారం సాయంత్రం దీపాలు వెలిగించి, రొట్టె పంచుకుని, కలిసి భోంచేసే చోటు హిల్లెల్. ఇవాళ అలాంటివి వందల క్యాంపస్‌లలో ఉన్నాయి. అక్కడికి వెళ్ళిన పిల్లలు చదువులో, సైన్సులో, సాహిత్యంలో అమెరికా నుంచి విడిపోయారా? లేదే! కాళ్ళ కింద నేల గట్టిగా ఉన్నవాడే పదిమందిలోకి ధైర్యంగా నడిచి వెళ్ళగలడు.

అమెరికా దాకా ఎందుకు, బెజవాడ మీదుగా గుంటూరు దాటితే చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం ఉంది. తెలుగు మాట్లాడే యూదులు అక్కడ ఉన్నారు. మాదిగ కుటుంబాలు. క్రైస్తవం మీదుగా నడిచి వచ్చి, తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిము సంతతివారమని చెప్పుకుంటున్నారు. బెనె ఎఫ్రాయిమ్ అని వాళ్ళ పేరు. 1990ల మొదట్లో సినగాగు కట్టుకున్నారు, హీబ్రూ నేర్చుకుంటున్నారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు పరిశోధకులు వాళ్ళమీద రాసిన పుస్తకం 2013లో వచ్చింది. వాళ్ళు నిజంగా ఎఫ్రాయిము వారసులా కాదా అని తేల్చటం మా పని కాదు. మా పూర్వీకులు అరబ్బు గుర్రాలమీద వచ్చారా, ఇక్కడి మాలమాదిగల్లోంచి కలిశారా అని మమ్మల్ని అడిగేవాళ్ళకు మేం చెప్పే జవాబే వాళ్ళకూ వర్తిస్తుంది. మనిషి తానెవరో చెప్పుకున్నప్పుడు ముందు వినాలి.

ఆ ఊరి కుర్రాడు కాలేజీ దరఖాస్తు నింపుతున్నాడనుకోండి. మతం అన్న గడిలో ఏం రాయాలి? 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మొదట హిందువులకే పరిమితం. 1956లో సిక్కులనూ 1990లో బౌద్ధులనూ చేర్చారు. యూదులు అందులో లేరు, క్రైస్తవులు లేరు, ముస్లింలూ లేరు. యూదుణ్ణని నిజం రాస్తే మాదిగగా అనుభవించిన అవమానం చట్టం కంటికి కనపడదు. మహారాష్ట్ర 2016లో, గుజరాత్ 2018లో యూదులకు మైనారిటీ హోదా ఇచ్చాయి గాని కేంద్రం ప్రకటించిన మైనారిటీల్లో వాళ్ళు లేరు. 2011 జనగణనలో దేశమంతా కలిపి ఐదువేలకు లోపున్న మనుషులు. మాకు కనీసం జుమాకు పోవటానికి మసీదు ఉంటుంది, ఈద్‌కు సెలవుంటుంది. ఆ కుర్రాడికి క్లాసులో తన మాట అర్థమయ్యే రెండోవాడు కూడా దొరకడు. మైనారిటీలో మైనారిటీ అంటే ఏమిటో అతన్ని చూసి మేం తెలుసుకోవాలి.

ఇక మాటిమాటికీ మమ్మల్ని 'గుంపు కడతారు' అనేవాళ్ళ సంగతి. తెలుగునాట చదువుల చరిత్రే కులం హాస్టళ్ళ చరిత్ర. హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ 1918లో మొదలైంది. కోస్తా పట్టణాల్లోనూ కులానికొక హాస్టలు వెలిసింది. పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు అవి కూడూ గూడూ ఇచ్చాయి, పుస్తకాలిచ్చాయి, నాయకులను తయారుచేశాయి. దాన్నెవరూ వేర్పాటు అనలేదు, సేవ అన్నారు. కార్తీకమాసం వస్తే ఏ కులానికి ఆ కులం వనభోజనాలు. అక్కడ ఉసిరిచెట్టు కింద కూర్చున్నవాళ్ళను 'అందరితో కలవరేం' అని అడిగినవాడు లేడు. అయ్యప్ప మాల వేసుకున్న విద్యార్థి నల్లబట్టల్లో, చెప్పుల్లేకుండా క్లాసుకొస్తాడు. లెక్చరరే "రా స్వామీ" అంటాడు. చాలాచోట్ల యూనిఫాం సడలుతుంది. ఇది తప్పని మేం అనటం లేదు. ఇదే మర్యాద. పిల్లవాడి దీక్షను గౌరవిస్తే క్రమశిక్షణ కూలిపోదని మన కాలేజీలు రుజువు చేసి చూపించాయి. ఆ మర్యాద మా అమ్మాయి తలమీది గుడ్డ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఆగిపోతుందన్నదే మా ప్రశ్న.

2022లో ఉడుపిలో మొదలై కర్ణాటకంతా పాకిన హిజాబ్ గొడవలో జరిగింది అదే. మార్చి 15న హైకోర్టు నిషేధాన్ని సమర్థించింది. అక్టోబర్ 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు రెండు తీర్పులు చెప్పారు. ఈ లోపల పరీక్షలు రాయకుండా ఉండిపోయిన అమ్మాయిలున్నారు. హిజాబ్ వేసుకోవాలా వద్దా అన్నది మా ఇళ్ళలోనే తెగని వాదన, తెగకపోయినా ఫర్వాలేదు. కాని ఆ వాదన తేలేదాకా గేటు బయట నిలబడమని అమ్మాయికే చెప్పటం ఏ న్యాయం?

ఇక్కడ మేం రెండో వైపూ చూడాలి. నిజాం రాజ్యంలో వారాంతపు సెలవు శుక్రవారం. అప్పుడు అది 'మామూలు'. 1938లో ఉస్మానియా హాస్టళ్ళలో హిందూ విద్యార్థులు ప్రార్థన గదుల్లో వందేమాతరం పాడితే వద్దన్నారు. వినకపోతే కాలేజీల నుంచి వెళ్ళగొట్టారు. ఆ ఉద్యమంలో చదువు తెగినవాళ్ళను నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. వాళ్ళలో పి.వి. నరసింహారావు ఒకరు. రాజ్యం మన మతం వాడిదైనప్పుడు జరిగిందని దాన్ని మేం సమర్థించాలా? సమర్థిస్తే ఉడుపి గురించి మాట్లాడే నోరు మాకుండదు. తమ గదిలో తమ పాట పాడుకునే ఆ కుర్రాళ్ళ హక్కూ, తమ గదిలో తమ నమాజు చదువుకునే మా కుర్రాళ్ళ హక్కూ ఒకటే హక్కు. అధికారం చేతులు మారినప్పుడల్లా మారేది హక్కు కాదు, పక్షపాతం.

లౌకికవాదులైన మా మిత్రులు మరో మాట అంటారు. "కాలేజీ అంటే మతాన్ని గేటు దగ్గర వదిలి రావలసిన చోటు. ఇంటి కట్టుబాట్ల నుంచి పిల్లలు బయటపడేది అక్కడే. అక్కడా మీ గది మీరు పెట్టుకుంటే ఆ గదే ఇంకో ఇల్లవుతుంది కదా?" ఈ మాటలో బలముంది. మా అమ్మాయిలు ఎందరో కాలేజీలోనే మొదటిసారి తమకు నచ్చిన పుస్తకం చదివారు, నచ్చిన మాట అన్నారు. నలుగురు కలిసే గది ఎవరు నమాజుకు రాలేదో, ఎవరు ఎవరితో టీ తాగారో లెక్క రాసే ఠాణా అయితే ఆ గది అక్కర్లేదు.

ఈ ప్రమాదం యూదు విద్యార్థులకూ ఎదురైంది. ఇజ్రాయెల్ విషయంలో ఎవరిని మాట్లాడనివ్వాలో హిల్లెల్ పై సంస్థ నియమాలు పెడితే, స్వార్త్‌మోర్ కాలేజీ హిల్లెల్ విద్యార్థులు 2013లో ఆ నియమాలకు కట్టుబడమని ప్రకటించారు. గాజాలో పదుల వేలమంది చనిపోతున్న 2024 వసంతంలో కొలంబియా విశ్వవిద్యాలయం పచ్చికమీద నిరసన గుడారాల్లో యూదు విద్యార్థులూ కూర్చున్నారు, పస్కా పండుగ విందు అక్కడే చేసుకున్నారు. అదే క్యాంపస్‌లో ఆ నినాదాలకు భయపడి తమ గదిలో తలదాచుకున్న యూదు విద్యార్థులూ ఉన్నారు. పాలస్తీనా గాయం మాకు సొంత గాయమే. అయినా నెతన్యాహు చేసినదానికి ఒక పద్దెనిమిదేళ్ళ యూదు పిల్లను క్లాసులో నిలబెట్టి జవాబు చెప్పమనటం అన్యాయమని మాకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది? క్రికెట్ మ్యాచ్ నాడు పాకిస్తాన్ గురించి సంజాయిషీ అడిగేది మమ్మల్నే కదా! 2007లో మక్కా మసీదులో బాంబు పేలితే పట్టుకెళ్ళింది మా పిల్లల్నే. వాళ్ళలో విద్యార్థులూ ఉన్నారు. ఆ తర్వాత వాళ్ళు నిర్దోషులుగా బయటికొచ్చారు. పోయిన చదువు రోజులు మాత్రం తిరిగి రాలేదు.

కాబట్టి ఆ గదికి రెండు పరీక్షలు. ఒకటి, తలుపు లోపలినుంచి కూడా తెరుచుకోవాలి. రావాలనుకున్నవాడు వచ్చినంత సులువుగా, వద్దనుకున్నవాడు పోగలగాలి. పోయినవాణ్ణి కాఫిర్ అనకూడదు. రెండు, మనలో మనకన్నా చిన్నవాడికి అందులో చాప ఉండాలి. ఉర్దూ రాని నూర్‌బాషా కుర్రాడు వస్తే "నువ్వేం ముసల్మానువి" అని నవ్వే గది, బయటి మెస్సుకన్నా ఏం మెరుగు? అమ్మాయిలకు మూలన పరదా తప్ప మాట్లాడే వంతు లేని గది ఎవరి అస్తిత్వాన్ని కాపాడుతుంది? కొత్తరెడ్డిపాలెం కుర్రాడు శనివారం పరీక్ష మార్చమని అర్జీ పెడితే, మొదటి సంతకం మా నలుగురిదీ కావాలి. చోటు అడిగేవాడు చోటు ఇవ్వటం కూడా నేర్చుకున్నప్పుడే అతని అడగటానికి నీతి ఉంటుంది. లేకపోతే అది బలం కోసం బేరం మాత్రమే.

కాలేజీలను మేం అడుగుతున్నది గుళ్ళూ మసీదులూ కట్టమని కాదు. ప్రభుత్వ డబ్బుతోనే పూర్తిగా నడిచే విద్యాసంస్థలో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెప్పింది. అది ఉండాల్సిందే. రంజాన్ నెల్లాళ్ళు వంటగదిలో ఒక ఫ్లాస్కు పాలూ, నాలుగు రొట్టెలూ రాత్రే సిద్ధం చేసి ఉంచటం మతబోధ కాదు. జుమా వేళ ల్యాబును గంట ముందుకు జరపటం, కోడికూర తినలేనివాడికి రెండు గుడ్లు ఉడికించటం, సబ్బాతు నాడు పడ్డ పరీక్షను సోమవారం రాయనివ్వటం మతబోధ కాదు. ఖర్చు కూడా పెద్దగా లేదు. టైంటేబుల్ వేసేటప్పుడు "ఇంకెవరైనా ఉన్నారా?" అని ఒక్కసారి అడగటం, అంతే.

అప్పుడు మా నలుగురం వేరే కూర్చోమా అంటే, కూర్చుంటాం. శుక్రవారం సాయంత్రమో, ఇఫ్తార్ వేళో కూర్చుంటాం. ఖర్జూరాల పళ్ళెం పక్కన ఇంకో చాప కూడా వేసి ఉంచుతాం. ఎప్పుడూ మీలో మీరే ఉంటారేం అని అడిగిన మిత్రుడు వచ్చి కూర్చుంటే, ఆ ప్రశ్న మీద అక్కడే తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.