దీక్ష గడ్డం, మాస్కు అంచు

కార్తీకం వచ్చిందంటే మా ప్లాంటులో ఎటు చూసినా స్వాములే. నేను భద్రతా విభాగంలో పనిచేస్తాను, ఏటా మాల వేస్తాను, కొందరికి గురుస్వామిని కూడా. అందుకే ఈ తగువు తప్పకుండా నా దగ్గరికే వస్తుంది: "స్వామీ, మండలం రోజులూ క్షవరం కూడదు కదా, మరి ఫిట్ టెస్టుకి గడ్డం తీసి రమ్మంటారేం?"

మందుల పొడి ఎగిరే విభాగంలో ఎన్95 లేనిదే పని లేదు. ఆ మాస్కు వడపోత ఎంత గట్టిదైనా అంచు ముఖానికి అతుక్కోకపోతే గాలి సందులోంచే దూరుతుంది. ఆ సందు ఉందో లేదో చూసేదే ఫిట్ టెస్టు. గడ్డం వెంట్రుకలు ఆ సందు చేస్తాయి. ఆషాఢంలో నున్నటి గడ్డానికి వచ్చిన పాసు కార్తీకంలో పెరిగిన గడ్డానికి చెల్లదు. అమెరికాలో కార్మిక భద్రతా సంస్థ ఓషా నిబంధన ఏటా ఒకసారైనా పరీక్ష చేయమంటుంది, మాస్కు అంచు కింద వెంట్రుకలుంటే అసలు ఒప్పుకోదు.

నిరుడు ఒక కన్నెస్వామి పంతం పట్టి గడ్డంతోనే కూర్చున్నాడు. ముందు మాస్కు లేకుండా సాకరిన్ తుంపర కొట్టి తీపి తెలుస్తోందని తేల్చుకున్నాం. తర్వాత మాస్కు పెట్టి, తలకి హుడ్ తొడిగి, చిక్కటి సాకరిన్ ద్రావణం కొట్టాం. మామూలుగా ఊపిరి పీల్చాడు, గట్టిగా పీల్చాడు. తల పక్కకి తిప్పగానే "తియ్యగా ఉంది స్వామీ" అన్నాడు. హుడ్ తీశాక, "నోరు మూసుకుని ఉంటే పాసయ్యేవాణ్ణి" అని నవ్వాడు.

నిజమే, ఈ పరీక్షకి సాక్షి అతని నాలిక ఒక్కటే. అబద్ధమాడితే పట్టుకునే మీటరు అందులో లేదు. కానీ దీక్షలో క్షవరం ఎంత నిషిద్ధమో అసత్యం అంతకంటే నిషిద్ధం. గడ్డం కాపాడుకోవడానికి కాగితం మీద పాసు రాయించుకున్నవాడు ఏ వ్రతం నిలబెట్టుకున్నట్టు?

అదీకాక, చెప్పులు వదిలిన స్వాములు ప్లాంటు గేటు దాటగానే సేఫ్టీ బూట్లు వేసుకుంటారు. దీక్ష చెడిందని ఎవరూ అనరు. పాదానికి ఇచ్చిన సడలింపు ఊపిరితిత్తులకి ఎందుకివ్వం?

అలాగని మంగలి కత్తి ఒక్కటే దారి అనను. ఆ దారి పట్టినవాళ్లూ ఉన్నారు: 2020లో మాంట్రియల్‌లో ఇద్దరు సిక్కు వైద్యులు, అన్నదమ్ములు, కోవిడ్ రోగుల్ని చూడటానికి మత పెద్దలతో మాట్లాడి, బాధపడుతూనే గడ్డాలు తీయించుకున్నారు. మరికొందరు సిక్కు వైద్యులు గడ్డాన్ని సాగే పట్టీతో కప్పి పైన మాస్కు కట్టే 'సింగ్ ఠాఠా' పద్ధతిని పరీక్షకి నిలబెట్టారు. ఇక బ్లోయరు గాలి పంపే వదులు హుడ్ ఉంది. అది ముఖానికి అతుక్కోనక్కర్లేదు కాబట్టి దానికి ఫిట్ టెస్టే అవసరం లేదు. ఖరీదెక్కువ, ఆ ఖర్చు యాజమాన్యానిది. కార్మికుడి భక్తిని గౌరవిస్తామని పూజకి చందా ఇచ్చే కంపెనీ నాలుగు హుడ్లు కొనడానికి వెనకాడకూడదు.

నా తీర్పు ఇది. వ్రతం మనది, దాని కష్టం కూడా మనమే మోయాలి. హుడ్ దొరక్కపోతే ఆ మండలం పొడి లేని విభాగానికి మారాలి, ఓవర్‌టైమ్ పోయినా సరే. మాల వేసే స్వాములందరికీ ఒక్క మాట: గురుస్వామికి చెప్పిన రోజే మీ షిఫ్టు ఇన్‌ఛార్జికీ చెప్పండి. తీపి తగిలితే తగిలిందనే చెప్పండి.