ముగింపు తెలిసిన కథలు

ప్రేమ నవల చేతికి తీసుకోగానే చివర ఏం జరుగుతుందో తెలిసిపోతుంది. ఆ ఇద్దరూ ఒకటవుతారు. తెలిసిన కథ చదవడమెందుకని మా ఇంట్లోవాళ్లే అడుగుతుంటారు. నాకు ఆ తెలిసి ఉండడంలోనే హాయి ఉంది. పగలంతా ఏమవుతుందో తెలియని విషయాల మధ్యే గడుస్తుంది. రావాల్సిన ఆసుపత్రి రిపోర్టు, పిల్లల ఫలితాలు, ఊరి నుంచి వేళకాని వేళ మోగే ఫోను. రాత్రి పనులయ్యాక పుస్తకం తెరిస్తే, ఇక్కడ ఎవరికీ ఏ కీడూ జరగదన్న ధీమా దొరుకుతుంది. ఆ ధీమా ఉంటేనే మనసు చిన్న విషయాల మీద నిలుస్తుంది. చెప్పబోయి ఆగిపోయిన మాట, పక్కన కూర్చోవాలా వద్దా అన్న సందేహం.

ఈమధ్య ఎక్కువగా చదువుతున్నవి అమెరికాలో టీనేజి పిల్లల కోసం వస్తున్న ప్రేమ నవలలు. వాటిలో నాకు బాగా దగ్గరైంది జెన్నీ హాన్ రాసిన 'టు ఆల్ ద బాయ్స్ ఐ హావ్ లవ్డ్ బిఫోర్'. 2014లో వచ్చింది. లారా జీన్ తాను ఇష్టపడ్డ ఐదుగురు అబ్బాయిలకూ ఉత్తరాలు రాసి, అమ్మ ఇచ్చిన పెట్టెలో దాచుకుంటుంది. పంపడానికి రాసినవి కావు, ఆ ఇష్టానికి వీడ్కోలు చెప్పుకోవడానికి రాసుకున్నవి. ఒకరోజు అన్నీ పోస్టులో వెళ్లిపోతాయి. ప్రేమకథ సరే, నన్ను పట్టి ఉంచింది ఆ ఇల్లు. తల్లి లేదు. తండ్రి డాక్టరు. ఇంటిని చూసుకునే అక్క మార్గో చదువుకోసం స్కాట్లండ్ వెళ్లిపోతే ఆ బరువు లారా జీన్ మీద పడుతుంది. ఆమెకు కారు నడపాలంటే భయం. ఆ భయాన్ని రచయిత్రి ఇదీ ఒక సమస్యేనా అని తీసిపారేయదు. పెద్దయ్యాక మన భయాలకు అంత ఓపికగా చెవి ఒగ్గేవాళ్లు ఎవరున్నారు? నేను ఆ పుస్తకాల్లోకి వెళ్లేది ఆ ఓపిక కోసమే.

ఇష్టాన్ని మాటల్లో పెట్టిన అమ్మాయి మనకు కొత్త కాదు. పోతన భాగవతంలో రుక్మిణి అగ్నిద్యోతనుడి చేత కృష్ణుడికి సందేశం పంపుతుంది. పెళ్లి కావలసిన ఆడపిల్లల చేత రుక్మిణీ కల్యాణం పారాయణ చేయించడం మన ఇళ్లలో ఉన్నదే. కృష్ణుడు వస్తాడని చదివే ప్రతి పిల్లకూ తెలుసు. అయినా అగ్నిద్యోతనుడు ఇంకా తిరిగిరాలేదని రుక్మిణి పడే ఆరాటం దగ్గరికొచ్చేసరికి గొంతు వణుకుతుంది.

అదే ఆడపిల్లలు యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'ని మాత్రం క్లాసు పుస్తకంలో దాచుకుని చదవాల్సి వచ్చింది. ఆరడుగుల అందగాళ్లనూ కార్లనూ చూపించి ఆడవాళ్లను కలల్లో ముంచేసిందని ఆమె మీద నింద. నేను ఒప్పుకోను. మా పెద్దమ్మ అద్దె పుస్తకాల షాపు నుంచి ఆమె నవలలు తెప్పించుకుని, వంటిల్లు సర్దుకున్నాక చదివేది. 'సెక్రటరీ' హీరో రాజశేఖరం లాంటివాడు తన గుమ్మంలోకి వస్తాడని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఆ గంటసేపు తనను ఎవరూ ఏదీ అడగరు, అదీ ఆమెకు కావలసింది. ఇంకొకటి కూడా ఉంది. ఉద్యోగం చేస్తూ, డబ్బున్నవాడి ముందు తల వంచని ఆ నవల హీరోయిన్ జయంతి 1960ల నాటి పాఠకురాలికి ఎంత తోడు! ఆ నవల 1976లో సినిమాగా వచ్చేనాటికే జయంతి ఎన్నో ఇళ్లలో సొంత మనిషి.

ఆనాటి ప్రేమ నవలల్లో నేను సహించలేనిది ఒకటుంది. హీరో అహంకారం ప్రేమగా చెల్లుబాటు కావడం. అవమానించినవాణ్ని అంత తేలిగ్గా క్షమించే చోట పుస్తకం మూసేస్తాను. ఇప్పటి నవలల్లో అబ్బాయిలు వినడం నేర్చుకుంటున్నారు. సంధ్యా మీనన్ 2017లో తెచ్చిన 'వెన్ డింపుల్ మెట్ రిషి'లో కోడింగ్ నేర్చుకోవడానికి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లిన డింపుల్‌ను, పెద్దలు కుదిర్చిన సంబంధమని తెలిసిన రిషి మొదటిసారి కలిసీ కలవగానే పెళ్లి మాటెత్తుతాడు. ఆ సంగతే తెలియని ఆమె అతని మీద చల్లటి కాఫీ విసిరేసి పారిపోతుంది. బొమ్మల కథలు గీయడం ప్రాణమైనా, ఇంట్లోవాళ్ల కోసం ఇంజినీరింగుకు సిద్ధపడ్డ పిల్లాడు రిషి. అలాంటి పిల్లలు మన వీధుల్లో ఎందరో. వాళ్లిద్దరూ కలుస్తారా అన్న బెంగ నాకు లేదు. అందుకే అతను తన బొమ్మల గురించి మాట్లాడే పేజీలు తొందరపడకుండా చదివాను, కొన్ని రెండోసారి కూడా.